ప్రమోషన్ ఇచ్చాక మళ్లీ కింది పోస్టుకు దింపితే? కోర్టులో ఏ కేసు నిలుస్తుంది, ఏది నిలవదు? గుంటూరు గుడిసెల కేసు నుంచి ఉద్యోగులు తెలుసుకోవాల్సిన విషయాలివే

డిప్యూటీ కలెక్టర్‌గా ప్రమోషన్ వచ్చిన అధికారి మళ్లీ తహసీల్దార్ అయ్యారు. ఆ ఆర్డర్ ఇచ్చింది ప్రభుత్వం కాదు. సాక్షాత్తూ సుప్రీంకోర్టు. 2025 మే 9న వచ్చిన ఈ తీర్పు అప్పట్లో రెవెన్యూ ఆఫీసుల్లో పెద్ద చర్చకే దారి తీసింది. అయితే ఆ కేసు చూసి "ఇక ఎవరినైనా, ఎప్పుడైనా దింపేయొచ్చన్నమాట" అనుకుంటే పొరపాటే. అలాగే "ప్రమోషన్ ఒకసారి వచ్చిందంటే ఇక ఎవరూ ముట్టుకోలేరు" అనుకున్నా పొరపాటే. డిమోషన్ మీద కోర్టుకు వెళ్తే గెలుస్తామా లేదా అన్నది ఒకే ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. మిమ్మల్ని ఎందుకు దింపారు? శిక్షగానా, తాత్కాలిక ప్రమోషన్ ముగిసిందనా, లేక పాత తప్పు సరిదిద్దడానికా? ఒక్కోదానికి రూల్ వేరు, కోర్టు చూసే తీరు వేరు.

అసలు గుంటూరు కేసు ఏంటి?

గుంటూరు జిల్లా అడవితక్కెళ్లపాడులో పేదల గుడిసెలతో మొదలైంది ఈ వివాదం. అప్పటికి పల్నాడు జిల్లా లేదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల అన్నీ గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. గుడిసెల్లో ఉంటున్నవాళ్లు హైకోర్టును ఆశ్రయించారు. 2013 డిసెంబరు 11న హైకోర్టు ఆదేశం ఇచ్చింది. ఆ ఆదేశం ఉండగానే 2014 జనవరిలో గుడిసెలను బలవంతంగా తొలగించారు. అప్పుడు అక్కడ తహసీల్దార్‌గా ఉన్నది తాతా మోహన్‌రావు.

బాధితులు కోర్టు ధిక్కార పిటిషన్ వేశారు. కావాలనే కోర్టు ఆదేశాన్ని ఉల్లంఘించారని 2015లో హైకోర్టు సింగిల్ జడ్జి తేల్చారు. 2 నెలల సాధారణ జైలు, రూ.2 వేల జరిమానా విధించారు. ధిక్కార చట్టం ప్రకారం గరిష్ఠ శిక్ష 6 నెలల జైలు, రూ.2 వేల జరిమానా. దీనిపై ఆయన అప్పీలుకు వెళ్లారు. అప్పీలు నడుస్తుండగానే 2023లో ఆయనకు డిప్యూటీ కలెక్టర్‌గా ప్రమోషన్ కూడా వచ్చింది. తర్వాత డివిజన్ బెంచ్ అప్పీలును కొట్టేసింది. దాంతో కేసు సుప్రీంకోర్టుకు చేరింది.

జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ ఏజీ మసీహ్ ధర్మాసనం ధిక్కారం జరిగిందన్న నిర్ణయాన్ని సమర్థించింది. చట్టానికి ఎవరూ అతీతులు కారని గట్టిగా చెప్పింది. అయితే జైలుకు పంపితే ఉద్యోగం పోయి కుటుంబం, పిల్లలు రోడ్డున పడతారన్న కోణాన్నీ చూసింది. అందుకే జైలు శిక్షను మార్చింది. ఆయన్ను తహసీల్దార్ పోస్టుకు దింపాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. రూ.లక్ష జరిమానా కట్టమంది. ఇకపై ప్రమోషన్ వస్తే, తహసీల్దార్‌గా దిగిన ఈ రోజు నుంచి లెక్కించే సీనియారిటీ మీదే రావాలని స్పష్టం చేసింది.

ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. ఈ డిమోషన్ ధిక్కారం కేసులో, జైలుకు బదులుగా, దేశంలోనే అత్యున్నత కోర్టు వేసిన శిక్ష. మామూలుగా ఒక శాఖ తన ఉద్యోగిని దింపాలంటే ఇలా ఒక్క ఆర్డర్‌తో అయిపోదు. దానికి రాజ్యాంగంలోనే కంచె వేసి ఉంది.

డిమోషన్ మూడు రకాలు.. మీది ఏది?

ఆఫీసు భాషలో డిమోషన్ అన్నా, రివర్షన్ అన్నా ఒకేలా వాడేస్తుంటారు. కోర్టు మాత్రం అలా చూడదు.

మొదటిది శిక్ష. ఆరోపణ వచ్చింది, ఎంక్వైరీ జరిగింది, తప్పు రుజువైందని చెప్పి కింది పోస్టుకు పంపారు. రెండోది తాత్కాలిక ప్రమోషన్ రద్దు. ఖాళీ ఉందని ఇన్‌ఛార్జిగానో, అడ్‌హాక్‌గానో పైకి తీసుకున్నారు, అవసరం తీరాక వెనక్కి పంపారు. మూడోది తప్పు దిద్దుబాటు. సీనియారిటీ లిస్ట్ తప్పుగా వేశారనో, అర్హత లేదనో, కోర్టు తీర్పు వచ్చిందనో పాత ప్రమోషన్‌నే వెనక్కి తీసుకున్నారు.

ముందుగా మీ చేతికొచ్చిన ప్రొసీడింగ్స్‌లో ఏం రాశారో చదవండి. ఆ తర్వాత, రాయకుండా వదిలేసింది ఏంటో ఆలోచించండి. ఎందుకంటే కాగితం మీద "పరిపాలనా కారణాలు" అని ఉన్నా, వెనక నడిచింది శిక్షే అయితే కోర్టు ఆ పరదా తీసి చూస్తుంది.

శిక్షగా దింపితే: ఆర్టికల్ 311 ఏం చెబుతోంది?

రాజ్యాంగంలోని ఆర్టికల్ 311(2) ప్రకారం ప్రభుత్వ ఉద్యోగిని డిస్మిస్ చేయాలన్నా, తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా ముందు ఎంక్వైరీ జరగాలి. ఆరోపణలేంటో చెప్పాలి. చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వాలి. అంటే డిమోషన్‌ను రాజ్యాంగం ఉద్యోగం ఊడిపోయేంత పెద్ద శిక్షల పక్కనే కూర్చోబెట్టింది.

మినహాయింపులు మూడే. క్రిమినల్ కేసులో శిక్ష పడటానికి కారణమైన ప్రవర్తన అయితే ఒకటి. ఎంక్వైరీ జరపడం ఆచరణలో సాధ్యం కాదని అధికారి కారణాలు రాసి నమోదు చేస్తే రెండు. దేశ భద్రత దృష్ట్యా రాష్ట్రపతి లేదా గవర్నర్ నిర్ణయిస్తే మూడు.

ఏపీ ఉద్యోగులకు ఈ ప్రక్రియ మొత్తం 1991 నాటి సీసీఏ రూల్స్‌లో ఉంటుంది. 9వ రూల్‌లో శిక్షల జాబితా ఉంది. అభిశంసన (సెన్సూర్) లాంటివి చిన్న శిక్షలు. హోదా తగ్గింపు మాత్రం పెద్ద శిక్షల్లో ఉంటుంది. పెద్ద శిక్ష వేయాలంటే 20వ రూల్ ప్రకారం నడవాలి. ఛార్జ్ మెమో ఇవ్వాలి. దాంతోపాటు ఆరోపణల వివరం, ఆధారంగా తీసుకున్న కాగితాల జాబితా, సాక్షుల జాబితా ఇవ్వాలి. ఉద్యోగి రాతపూర్వకంగా జవాబు ఇస్తారు. ఎంక్వైరీ ఆఫీసర్ ముందు సాక్షులను ప్రశ్నించే హక్కు ఉంటుంది. ఒక్క షోకాజ్ నోటీసు ఇచ్చి, జవాబు తీసుకుని, వారంలో డిమోషన్ ఆర్డర్ చేతిలో పెడితే ఆ కేసు కోర్టులో నిలవడం కష్టం.

ఇందులో మన తెలుగు గడ్డ నుంచి వెళ్లిన కేసు ఒకటి దేశమంతటికీ దారి చూపింది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ వర్సెస్ బి.కరుణాకర్ కేసు. 1976లో వచ్చిన 42వ రాజ్యాంగ సవరణ, శిక్ష ఖరారు చేసే ముందు రెండోసారి ఇచ్చే నోటీసును తీసేసింది. దాంతో చాలాచోట్ల ఎంక్వైరీ రిపోర్టు ఉద్యోగికి చూపించకుండానే శిక్ష వేసేవాళ్లు. 1993 అక్టోబరు 1న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దీనికి చెక్ పెట్టింది. ఎంక్వైరీ ఆఫీసర్ వేరే వ్యక్తి అయినప్పుడు, ఆ రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇవ్వాల్సిందే. దానిపై అతని మాట విన్నాకే తప్పు చేశాడా లేదా అన్నది తేల్చాలి.

ఐతే ఇక్కడో మెలిక ఉంది. కాపీ ఇవ్వలేదు కాబట్టి ఆర్డర్ దానంతటదే కొట్టుకుపోతుందని అదే తీర్పు చెప్పలేదు. కాపీ అందకపోవడం వల్ల ఉద్యోగికి నిజంగా నష్టం జరిగిందా అని కోర్టు చూస్తుంది. కాబట్టి "నాకు రిపోర్టు ఇవ్వలేదు" అని మాత్రమే రాస్తే సరిపోదు. "ఇచ్చి ఉంటే ఫలానా సాక్షి చెప్పింది అబద్ధమని ఈ కాగితంతో చూపించేవాణ్ణి" అని కూడా రాయాలి.

తాత్కాలిక ప్రమోషన్ అయితే: 1957 తీర్పే ఇప్పటికీ ఆధారం

రెండో రకంలో ఉద్యోగి పరిస్థితి కాస్త బలహీనం. పురుషోత్తంలాల్ ధింగ్రా అనే రైల్వే ఉద్యోగి కేసు ఇందుకు ఉదాహరణ. 1924లో సిగ్నలర్‌గా చేరిన ఆయన మెట్టుమెట్టుగా ఎదిగారు. 1951లో క్లాస్-2 పోస్టులో తాత్కాలికంగా కూర్చున్నారు. పనితీరు బాగాలేదంటూ 1953లో మళ్లీ క్లాస్-3కి పంపేశారు. ఎంక్వైరీ లేదు, నోటీసు లేదు. ఆర్టికల్ 311 ఉల్లంఘన అంటూ ఆయన కోర్టుకెళ్లారు.

1957 నవంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ధింగ్రా ఓడిపోయారు. కారణం? తాత్కాలికంగా కూర్చున్న పోస్టు మీద ఆయనకు హక్కు పుట్టలేదు. సొంత పోస్టుకు తిరిగి వెళ్లడం శిక్ష కాదు.

కానీ ఓడిన ధింగ్రా కేసే ఆ తర్వాత వేల మంది ఉద్యోగులకు అస్త్రమైంది. ఎలాగంటే, శిక్ష అవునా కాదా తెలుసుకోవడానికి కోర్టు రెండు పరీక్షలు పెట్టింది. ఒకటి, ఆ పోస్టు మీద ఉద్యోగికి హక్కు ఉందా? రెండు, దింపడంతో పాటు అదనపు నష్టం ఏమైనా తగిలించారా? అంటే సొంత పోస్టులోని జీతం కోయడం, అక్కడి సీనియారిటీ పోగొట్టడం, ముందు ముందు వచ్చే ప్రమోషన్‌కు అడ్డు వేయడం లాంటివి. ఈ రెండిట్లో ఏది ఉన్నా అది శిక్షే. అప్పుడు 311 కంచె వచ్చేస్తుంది.

ఆరేళ్లకే ఈ పరీక్ష పనికొచ్చింది. పంజాబ్‌లో ఐపీఎస్ అధికారి పీసీ వాధ్వా ఎస్పీగా తాత్కాలిక హోదాలో ఉన్నారు. ఆయనపై ఛార్జిషీటు ఇచ్చి, ఎంక్వైరీ తేలకముందే ఏఎస్పీగా దింపేశారు. ఆయన కంటే జూనియర్లు మాత్రం ఎస్పీ కుర్చీల్లోనే ఉన్నారు. 1963లో సుప్రీంకోర్టు ఇది మామూలు రివర్షన్ కాదు, శిక్షే అని మెజారిటీతో తేల్చింది. ఆర్డర్ రద్దయింది.

మీ కేసు ఈ రకంలోకి వస్తే రెండే ప్రశ్నలు వేసుకోండి. నన్ను దింపి, నా జూనియర్‌ను పైనే ఉంచారా? దింపడానికి కొద్దిరోజుల ముందు నా మీద ఫిర్యాదో, మెమోనో ఉందా? రెండిటికీ "లేదు" అన్నదే జవాబైతే కేసు కష్టమే. పోస్టుకు పనికొస్తారా అని చూసి, సరిపోలేదని, లేదా ప్రవర్తనతో సంబంధం లేని పరిపాలనా కారణంతో వెనక్కి పంపడం శిక్ష కాదని సీసీఏ 9వ రూల్ వివరణలోనే ఉంది.

తప్పు దిద్దుబాటు అయితే: దిద్దొచ్చు, కానీ చెప్పి దిద్దాలి

మూడో రకమే ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోంది. సీనియారిటీ లిస్ట్ సవరించారని, డిపార్ట్‌మెంటల్ టెస్టు పాస్ కాలేదని, సర్టిఫికెట్ చెల్లదని ఏళ్ల తర్వాత ప్రమోషన్ రద్దు చేస్తుంటారు. ఇందులో ఉద్యోగి తప్పేమీ లేకపోవచ్చు. ఆఫీసు తప్పు ఆఫీసు దిద్దుకునే అధికారాన్ని కోర్టులు కాదనవు. కానీ చెప్పకుండా దిద్దితే మాత్రం ఊరుకోవు.

రైల్వేలో ట్రైన్స్ క్లర్క్‌గా చేరి గార్డ్ అయిన భగవాన్ శుక్లా విషయమే చూడండి. 1970లో ఆయన మూల వేతనం రూ.190గా ఖరారు చేశారు. అది తప్పు లెక్క అంటూ 1991లో, అంటే 21 ఏళ్ల తర్వాత, 1970 నుంచే వర్తించేలా రూ.181కి తగ్గించారు. తేడా తొమ్మిది రూపాయలే. నోటీసు మాత్రం ఇవ్వలేదు. 1994లో సుప్రీంకోర్టు ఆ ఆర్డర్ కొట్టేసింది. ఉద్యోగికి నష్టం చేసే నిర్ణయం తీసుకునే ముందు అతని మాట వినకపోవడం సహజ న్యాయానికే విరుద్ధమని చెప్పింది. తొమ్మిది రూపాయల తగ్గింపుకే నోటీసు తప్పనిసరి అయితే, ఒక పోస్టు నుంచి దింపడానికి ఇంకెంత అవసరమో ఆలోచించండి.

కోర్టు తీర్పు వల్లే ప్రమోషన్లు పోయిన సందర్భాలూ ఉన్నాయి. పక్కనే కర్ణాటకలో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులకు ప్రమోషన్‌తో పాటు సీనియారిటీ ఇచ్చే 2002 చట్టాన్ని బీకే పవిత్ర కేసులో 2017 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు కొట్టేసింది. సీనియారిటీ లిస్టులు తిరగరాయాల్సి వచ్చింది. చాలామంది కింది పోస్టులకు వెళ్లారు. కర్ణాటక ప్రభుత్వం వెనకబాటుతనం, ప్రాతినిధ్యంపై లెక్కలు సేకరించి 2018లో కొత్త చట్టం తెచ్చింది. దాన్ని 2019 మే 10న సుప్రీంకోర్టు సమర్థించింది. తప్పంతా చట్టంలోనో, లిస్టులోనో ఉన్నప్పుడు ఒక్క ఉద్యోగి విడిగా పోరాడితే ఫలితం తక్కువ. లిస్టునే సవాల్ చేయాలి అన్నది ఈ కేసు చెప్పే పాఠం.

పల్నాడు ఉద్యోగులు ఇందులో ఒక విషయం ప్రత్యేకంగా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడింది. అంతకుముందు చేరినవాళ్ల సర్వీస్ రిజిస్టర్‌లో ఉండేది గుంటూరు జిల్లా పేరే. జిల్లా కేడర్ పోస్టులు, జోనల్ పోస్టులు అన్న విభజన ఆర్టికల్ 371-డి కింద 1975 అక్టోబరు 18న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుతో మొదలైంది. కాబట్టి మిమ్మల్ని ఏ లిస్టు ఆధారంగా జూనియర్ అంటున్నారు, ఆ లిస్టు ఏ యూనిట్‌ది, ప్రొవిజనలా ఫైనలా అన్నది ముందు తేల్చుకోండి. ప్రొవిజనల్ లిస్టు వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పకుండా ఊరుకుని, ఫైనల్ అయ్యాక గగ్గోలు పెడితే "అప్పుడేం చేశారు?" అని జడ్జిగారు అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

ఎంత కిందికి దింపొచ్చు?

శిక్ష వేసే అధికారం ఉంది కదా అని పాతాళానికి తొక్కేయడానికి లేదు. దీనిపై 1988లో న్యాదర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. మిడతల హెచ్చరిక విభాగంలో నేరుగా ఒక పోస్టులో చేరిన ఉద్యోగిని, అంతకంటే కిందిదైన, ఆయన ఎప్పుడూ చేయని జూనియర్ పోస్టుకు దింపారు. అది చెల్లదని కోర్టు చెప్పింది. నేరుగా ఏ పోస్టులో రిక్రూట్ అయ్యారో దాని కిందికి దింపడానికి వీల్లేదు.

రెవెన్యూ శాఖలో చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. జూనియర్ అసిస్టెంట్, సీనియర్ అసిస్టెంట్, డిప్యూటీ తహసీల్దార్, తహసీల్దార్, డిప్యూటీ కలెక్టర్.. ఇదీ మెట్ల వరుస. గురజాల డివిజన్‌లో ఇద్దరు తహసీల్దార్లు ఉన్నారనుకుందాం. ఒకరు గ్రూప్-2 రాసి నేరుగా డిప్యూటీ తహసీల్దార్‌గా వచ్చారు. ఇంకొకరు జూనియర్ అసిస్టెంట్ నుంచి ఎదిగారు. ఇద్దరికీ డిమోషన్ శిక్ష పడితే, మొదటివారిని డిప్యూటీ తహసీల్దార్ కంటే కిందికి దింపడం కుదరదు. రెండోవారికి ఆ రక్షణ అక్కడ ఆగదు. గుంటూరు కేసులో కూడా సుప్రీంకోర్టు ఒక్క మెట్టే దింపింది. డిప్యూటీ కలెక్టర్ నుంచి తహసీల్దార్‌కు.

తీసుకున్న జీతం తిరిగి కట్టాలా?

ప్రమోషన్ తప్పని తేలితే ఇన్నేళ్లు తీసుకున్న ఎక్కువ జీతం రికవరీ చేస్తామంటూ ఇంకో ఆర్డర్ వస్తుంటుంది. ఇంట్లో అసలు కంగారు పుట్టించేది ఇదే. దీనిపై 2014 డిసెంబరు 18న పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు ఐదు సందర్భాల్లో రికవరీ కుదరదని చెప్పింది.

క్లాస్-3, క్లాస్-4 ఉద్యోగుల నుంచి రికవరీ చేయకూడదు. రిటైరైనవాళ్లు, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల నుంచి చేయకూడదు. ఐదేళ్లకు మించి ఎక్కువ జీతం ఇస్తూ వచ్చాక రికవరీ ఆర్డర్ ఇవ్వకూడదు. పొరపాటున పై పోస్టు పని చేయించుకుని ఆ జీతం ఇచ్చి ఉంటే, వెనక్కి అడగకూడదు. ఇవి కాక, వసూలు చేయడం అన్యాయంగా, కఠినంగా ఉంటుందని కోర్టుకు అనిపించిన కేసుల్లోనూ కుదరదు.

అయితే మోసం చేసి, తప్పుడు సర్టిఫికెట్ పెట్టి తెచ్చుకున్న ప్రమోషన్‌కు ఈ రక్షణ దొరుకుతుందని ఆశపడొద్దు. అలాగే జీతం ఫిక్స్ చేసేటప్పుడు "ఎక్కువ వస్తే తిరిగి కడతాను" అని రాసిచ్చినవాళ్లు ఆ మాటకు కట్టుబడాల్సిందేనని 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసులో సంతకం పెట్టమన్న కాగితం చదవకుండా పెట్టేస్తే, పదేళ్ల తర్వాత ఆ సంతకమే ఎదురొస్తుంది.

ఆర్డర్ చేతికొచ్చింది.. ఇప్పుడేం చేయాలి?

మొదటిది, ఆర్డర్ అందిన తేదీ రాసి సంతకం పెట్టండి. అప్పీలు గడువు లెక్క అక్కడి నుంచే.

రెండోది, కోపంతో కింది పోస్టులో చేరకుండా ఇంట్లో కూర్చోవద్దు. అలా కూర్చుంటే అనుమతి లేని గైర్హాజరు అనే కొత్త ఆరోపణ వచ్చి పడుతుంది. కోర్టు స్టే ఇవ్వనంతవరకు "నా హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరంతో చేరుతున్నాను" అని రాతపూర్వకంగా ఇచ్చి చేరడం మేలు.

మూడోది, కాగితాలు పోగేయండి. ప్రమోషన్ ఆర్డర్, అందులోని షరతులు, ప్యానెల్ కాపీ, సీనియారిటీ లిస్టులు, డీపీసీ మినిట్స్, ఎంక్వైరీ రిపోర్టు. అడిగినా ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రమోషన్ ఆర్డర్‌లో "పెండింగ్‌లో ఉన్న రిట్ పిటిషన్ తీర్పుకు లోబడి" అన్న ఒక్క లైన్ ఉందేమో జాగ్రత్తగా చూడండి. ఉంటే ఆ ప్రమోషన్ మొదటి నుంచీ షరతుతో వచ్చిందే.

నాలుగోది, ముందు శాఖాపరమైన అప్పీలు. శిక్షగా దింపితే సీసీఏ రూల్స్‌లోనే అప్పీలు దారి ఉంది. ఆ దారి ఉండగా నేరుగా వస్తే "ముందు అక్కడికి వెళ్లండి" అని హైకోర్టు పంపించే అవకాశం ఉంది. ఎంక్వైరీయే జరపకపోవడం, అధికారం లేని అధికారి ఆర్డర్ ఇవ్వడం లాంటి కేసుల్లో మాత్రం నేరుగా రిట్ వేయొచ్చు.

ఐదోది, కోర్టు. ఒకప్పుడు ఏపీ ఉద్యోగుల సర్వీస్ కేసులు హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు వెళ్లేవి. ఇప్పుడు రాష్ట్రంలో ఆ ట్రిబ్యునల్ లేదు. మాచర్ల ఉద్యోగి అయినా, నరసరావుపేట ఉద్యోగి అయినా వెళ్లాల్సింది అమరావతిలోని నేలపాడులో ఉన్న హైకోర్టుకే. ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్ వేస్తారు. సింగిల్ జడ్జి దగ్గర ఓడితే డివిజన్ బెంచ్‌లో రిట్ అప్పీలు, ఆపైన సుప్రీంకోర్టు. విద్యుత్ సంస్థల్లాంటి కార్పొరేషన్ల ఉద్యోగులకు ఆర్టికల్ 311 నేరుగా వర్తించదు. వాళ్ల సంస్థ రెగ్యులేషన్లు, సహజ న్యాయ సూత్రాల మీద కేసు నడుపుకోవాలి.

ఆరోది, మీ స్థానంలో ప్రమోషన్ పొందినవారిని కూడా ప్రతివాదిగా చేర్చాలి. మీరు గెలిస్తే నష్టపోయేది వాళ్లు. వాళ్ల మాట వినకుండా తీర్పు ఇవ్వమంటే కోర్టు ఒప్పుకోదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యం చేయొద్దు. తమిళనాడుకు చెందిన పీఎస్ సదాశివస్వామి అనే ఇంజినీర్ 1957లో తన జూనియర్‌కు ఇచ్చిన ప్రమోషన్‌పై 14 ఏళ్లకు కోర్టుకెళ్లారు. ఇలాంటి విషయాల్లో ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో రావాలని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన చేతికి ఏమీ రాలేదు. ఏటా వినతిపత్రం ఇస్తూ పోతే గడువు ఆగదన్నది గుర్తుంచుకోండి.

గెలిస్తే ఏం వస్తుంది?

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. హైకోర్టు ఎంక్వైరీ ఆఫీసర్ మీద అప్పీలు కోర్టు కాదు. సాక్ష్యాలను మళ్లీ తూకం వేయదు. ఈ మాట 1963లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ ఎస్.శ్రీరామారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఒక ఎస్సై. రూల్ ప్రకారం ఎంక్వైరీ జరిగిందా, సహజ న్యాయం పాటించారా, అసలు ఏదో ఒక సాక్ష్యం ఉందా అన్నంత వరకే కోర్టు చూస్తుంది. సాక్ష్యం చాలదన్న వాదన అక్కడ పనిచేయదు.

కాబట్టి ఎంక్వైరీలో లోపం ఉందని గెలిస్తే, చాలాసార్లు వచ్చేది "లోపం జరిగిన దశ నుంచి మళ్లీ ఎంక్వైరీ జరపండి" అన్న ఆదేశమే. ఆర్డర్ రద్దవుతుంది, కానీ ఆరోపణ రద్దు కాదు. అసలు పోరాటం గెలవాల్సింది కోర్టులో కంటే ముందు, ఎంక్వైరీ గదిలో. ఛార్జ్ మెమోకు ఇచ్చే జవాబు, సాక్షిని అడిగే ప్రశ్న, అడిగి రాయించుకునే కాగితం.. రేపు హైకోర్టులో లాయర్ చేతిలో ఉండే ఆయుధాలు ఇవే.

ఇంకో వైపు కూడా ఉంది. ఒక ఉద్యోగి ప్రమోషన్ నిలబడితే, అదే పోస్టు కోసం లిస్టులో ఎదురుచూస్తున్న ఇంకొకరు ఆగిపోతారు. గుంటూరు కేసులో అయితే అటువైపు ఉన్నది గుడిసెలు పోగొట్టుకున్న పేదలు. హైకోర్టు ఆదేశం చేతిలో ఉన్నా వాళ్ల ఇళ్లు నిలవలేదు. తుది తీర్పు రావడానికి 11 ఏళ్లు పట్టింది. నోటీసు ఇవ్వాలి, మాట వినాలి, ఆ తర్వాతే చేయి వేయాలి అన్న రూల్ ఉద్యోగిని దింపేటప్పుడు ప్రభుత్వానికి ఎంత వర్తిస్తుందో, జనం మీదికి వెళ్లేటప్పుడు ఆ ఉద్యోగికీ అంతే వర్తిస్తుంది.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ఒక్కో శాఖకు ప్రత్యేక సర్వీస్ రూల్స్ ఉంటాయి. మీ ఆర్డర్, మీ సర్వీస్ రిజిస్టర్ పట్టుకుని సర్వీస్ కేసులు చూసే లాయర్‌ను కలిశాకే అడుగు వేయండి.